నది నీళ్లు 20 డిగ్రీలు దాటాక సాల్మన్‌కి గాలం వెయ్యొచ్చా?

టే ఒడ్డు:
స్కాట్లాండ్‌లో టే నది ఒడ్డున పెర్త్‌లో ఉంటాను, ఏడేళ్లుగా సాల్మన్‌కి గాలం వేస్తున్నాను. ఇక్కడ వాన పడి మూడు వారాలైంది. ఎప్పుడూ మునిగుండే రాళ్లు బయటపడి, వాటి మీది నాచు ఎండి పెచ్చులుగా ఊడొస్తోంది. శనివారం పొద్దున నీళ్లలో థర్మామీటర్ పెడితే 18.5, మధ్యాహ్నం మూడింటికి 21. గిల్లీ, అంటే ఒడ్డున మనకు తోడుండి చోటు చూపించే పెద్దాయన, ‘ఇవాళ్టికి చాలు’ అని అన్నీ సర్దించేశాడు. ఆరు నెలల ముందే డబ్బు కట్టాను, పైసా వెనక్కి రాదు. చేపను చంపం, పట్టి వదిలేస్తాం. మరి ఆపడం న్యాయమేనా?

వై లోయ:
న్యాయమే అన్నా. 2018 జులైలో నా చేతుల్లో జరిగింది చెబుతాను. ఐదు పౌన్ల గ్రిల్స్, అంటే సముద్రంలో ఒక్క చలికాలమే గడిపి వచ్చిన సాల్మన్. మూడు నిమిషాల్లో వల్లోకి వచ్చింది. ముల్లు లేని గాలం, నీళ్లలోంచి పైకి ఎత్తనేలేదు. తల ఎగువకు పెట్టి పట్టుకుంటే మొప్పలు బార్లా తెరుచుకుంటున్నాయి, తోక మాత్రం కదలదు. పావుగంటకి మెల్లగా జారిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. సాయంత్రం దిగువకు నడిచి వెళ్తే అదే చేప, పై పెదవి మీద నా గాలం గాటుతో, రాళ్ల సందున తెల్లటి పొట్ట పైకి తిరిగి ఉంది.

10 డిగ్రీల నీళ్లలో లీటరుకి 11 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 20 డిగ్రీల్లో 9కి దిగుతుంది. అదే వేడికి చేప ఒంటికి కావలసిన ఆక్సిజనేమో పెరుగుతుంది. ఊపిరాడని వేళ దాన్ని పరిగెత్తిస్తున్నాం.

ట్వీడ్ తీరం:
ఆ చేప సంగతి చదివితే నాకూ బాధేసింది. కానీ నేరమంతా గాలం మీద వేయకండి. 2018లో స్కాట్లాండ్ మొత్తంలో గాలానికి పడిన సాల్మన్ 37 వేల పైచిలుకు. 1952లో లెక్కలు మొదలయ్యాక అప్పటికి అదే అతి తక్కువ. అందులో నూటికి 93 వదిలేసినవే. చేపలు పోతున్నది సముద్రంలో, ఎండిన వాగుల్లో, చెట్టు నీడ లేని ఒడ్డుల్లో. 2022 కరువులో మా ట్వీడ్ నది నుంచి పొలాలకు నీళ్లు తోడటం ఆపించింది ఆగస్టులో, వేసవి అయిపోవచ్చాక. దొంగవల వేసేవాణ్ణీ మురుగు కలిసే చోటునూ ముందు చూసేది మేమే. మమ్మల్ని పంపేస్తే నదిని కనిపెట్టుకుని ఉండేదెవరు? సీ ట్రౌట్‌కైతే, అంటే సముద్రానికి వెళ్లి నదికి తిరిగొచ్చే ట్రౌట్ చేపకైతే, ఎలాగూ చీకటి పడ్డాకే వెళ్తాం.

వై లోయ:
చీకటి పడినంత మాత్రాన నది చల్లారదండీ. పగలంతా కాగిన నీళ్లలో వేడి రాత్రి చాలాసేపు ఉంటుంది. అన్నిటికన్నా చల్లగా ఉండేది తెల్లవారుజామునే. సీ ట్రౌట్ వాళ్లూ థర్మామీటర్ జేబులో పెట్టుకోవాలి.

సెయింట్ జాన్స్ నుంచి:
కెనడాలోని మా న్యూఫౌండ్‌లాండ్‌లో ఈ వాదన ప్రతి వేసవీ ఉండేదే. నీళ్లు 20 దాటినా, మట్టం బాగా పడిపోయినా నది మూసేస్తారు, లేదంటే పొద్దున పదింటి వరకే అనుమతి. న్యూ బ్రన్స్‌విక్‌లోని మిరమిషీలో చల్లటి ఊటలు కలిసే మడుగులను పూర్తిగా మూస్తారు, ఎండకు సాల్మన్లన్నీ అక్కడే గుమిగూడతాయి కాబట్టి. తెరవగానే అందరం మళ్లీ ఒడ్డునే ఉంటాం.

కోనసీమ కుర్రాడు:
నేను సాల్మన్ పట్టలేదు, పులస ఎరుగుదును. అదీ సముద్రం నుంచి నదిలోకి ఎక్కే చేపే. వరద గోదారి ఎర్రగా వస్తేనే ఎదురీదుతుంది, వరద ఆలస్యమైతే పులసా ఆలస్యమే. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట బంద్. ఆ రెండు నెలలు మావాళ్లకు కూలి దొరకడమే కష్టం, అయినా ఆగుతారు. సరదాకి పట్టేవాళ్లు నాలుగు మధ్యాహ్నాలు ఆగలేరా అన్నయ్యా?

టే ఒడ్డు:
తమ్ముడూ, దీనికి నా దగ్గర జవాబు లేదు. డబ్బు గురించే ఆలోచించాను, ఒప్పుకుంటున్నాను. ఈ వారం తెల్లారి నాలుగున్నరకే వెళ్తాను, 18 దాటితే సర్దేస్తాను.

ట్వీడ్ తీరం:
అలాగైతే నాకూ సమ్మతమే. కానీ ఎండ వల్ల ఆపిన రోజుకు డబ్బు తిరిగివ్వాలని బీట్ యజమానులను, అంటే గాలం వేసేందుకు నదిలో తమ భాగాన్ని అద్దెకిచ్చేవాళ్లను, కూడా అడగాలి. డబ్బు పోతుందనే భయం ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నం మూడింటికి కూడా ఎవడో ఒకడు గాలం వేస్తూనే ఉంటాడు.

వై లోయ:
ఆ ఉత్తరం రాస్తే నా సంతకం కూడా పెట్టండి. అన్నా, ఒక్క మాట: పొద్దుటి అంకె ఒక్కటే చూడకు. ముందు రాత్రి నీళ్లు చల్లారాయో లేదో కూడా చూడు. రెండు రాత్రులు వరసగా 20 కిందికి దిగకపోతే ఆ పొద్దున ఇంట్లోనే ఉండిపో.