సౌకర్యానికి ఇతరుల వ్యాపార నామం పెట్టవచ్చునా?

బరంపురం సభ్యుడు:
చీర అంచు ఫొటోను గ్రాఫు కాగితం గళ్లుగా మార్చే సౌకర్యాన్ని మా ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరికీ తెరిచి ఇచ్చే) ప్రాజెక్టులో చేర్చాము. నిన్న మా వీధిలోని ఒక పెద్దాయన కుంభం (గుడి శిఖరం ఆకారపు) అంచు మీద ఫోను పట్టుకొని, తెర మీద గళ్లు పడగానే సూదిమొనతో అంచులోని పోగులు లెక్కపెట్టి సరిచూసుకొన్నారు. ఇక్కడి నేతవారు ఈ పనిని ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ పేరుతోనే పిలుస్తారు. మెనూలో ఆ పేరే పెడదామంటాను. ఉచితంగా ఇచ్చేదానికి అభ్యంతరం ఏముంటుంది?

పర్లాకిమిడి సభ్యురాలు:
ఉచితమన్న మాట మనల్ని కాపాడదండీ. 2002లో ఫీనిక్స్ పేరుతో వచ్చిన బ్రౌజరు ఉచితమైనదే. అయినా ఆ పేరు మీద ఒక కంపెనీకి హక్కు ఉండటంతో ఫైర్‌బర్డ్‌గా మారింది, అది కూడా ఒక ఓపెన్ సోర్స్ డేటాబేస్ పేరు కావడంతో 2004లో ఫైర్‌ఫాక్స్ అయింది. కోడ్‌ను ఎంత ధారాళంగా ఇచ్చినా పేరు వాడుకొనే హక్కును ఇవ్వడం లేదని ఓపెన్ సోర్స్ కోడ్‌కు వాడే అపాచీ 2.0 లైసెన్సు 6వ నిబంధన స్పష్టంగా చెబుతుంది. మన 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం, 30వ సెక్షన్‌లో, వస్తువు రకాన్నీ గుణాన్నీ తెలిపే మాటలకు చోటిచ్చింది. అందువల్ల సహాయ పుటలో ‘ఫలానా సాఫ్ట్‌వేర్ ఫైళ్లను ఇది తెరుస్తుంది’ అని నిజం రాయడం వేరు, మన బొత్తాం మీద ఆ పేరు అతికించడం వేరు.

రాయగడ సభ్యుడు:
పేరు మార్చినంత మాత్రాన పేటెంటు చిక్కు తీరదని కూడా గుర్తుంచుకోవాలి. ట్రేడ్ మార్కు పేరుకు, పేటెంటు పనితీరుకు. మన పేటెంట్ల చట్టంలోని 3(కె) సెక్షన్ కంప్యూటర్ ప్రోగ్రామును దానంతట దాన్నే ఆవిష్కరణగా ఒప్పుకోదు. కానీ పేటెంటు దేశదేశానికీ వేరు, మన కోడ్ అన్ని దేశాలకూ వెళ్తుంది.

బరంపురం సభ్యుడు:
అయితే ‘బరంపురం పట్టు’ అని పెడితేనో?

పర్లాకిమిడి సభ్యురాలు:
వద్దండీ. ఆ పట్టుకు భౌగోళిక సూచిక (ఆ ప్రాంతపు సరుకుకే చెల్లే పేరు హక్కు) ఉంది. అది నేసేవారి సొత్తు. ‘అంచు గళ్లు’ అనండి, చూడగానే పని తెలుస్తుంది.

బరంపురం సభ్యుడు:
మెనూలో ‘అంచు గళ్లు’ పెడుతున్నాను. కాని నేతవారు వెతికేది పాత పేరుతోనే కనుక, వెతుకులాట పదాల్లో దాన్ని ఉంచాలన్న నా వాదన మాత్రం వదులుకోలేదు.