మామ్మ లేడీస్ వాచీ: మూత లోపల ఉడత ముద్ర. ఏ కాలంది?

కోటవీధి (విజయనగరం):
గుండ్రటి కేసు, అడ్డం 24 మి.మీ. బెల్టు దూరే కడ్డీలు కేసుకే అతికి ఉన్నాయి, ఊడి రావు. డయల్ మీద కంపెనీ పేరు లేదు, అడుగున ‘స్విస్ మేడ్’ అని మాత్రం ఉంది. మూత లోపల ఉడత బొమ్మ, 0.585, అచ్చుకొట్టిన నంబరొకటి, సూదితో గీకినట్టు ఇంకొకటి. మెషిన్ మీద 15 జ్యుయెల్స్ (ఇరుసులు తిరిగే రాళ్లు) అని ఉంది. కీ ఇస్తే రెండు నిమిషాలు నడిచి ఆగిపోతోంది. 1900 నాటిదంటున్నారు. నిజమేనా? బంగారమేనా?

శ్రీకాకుళం వాచీలు:
ముందు కీ ఇవ్వడం ఆపండి. ఏళ్ల తరబడి పడున్న నూనె బంకలా మారుతుంది. ఆ బంకతో నడిపితే చక్రాల ఇరుసు మొనలు అరుగుతాయి. ఇంత చిన్న మెషిన్‌కి వాటిని మళ్లీ చేయించడం చాలా కష్టం.

బంగారమే. ఉడత స్విట్జర్లాండ్ అధికారిక ముద్ర, 14 క్యారెట్‌ది. 0.585 అంటే వెయ్యిలో 585 వంతులు బంగారం. 18 అయితే ఉడత బదులు స్త్రీ తల, 0.750 ఉండేవి. కాకపోతే ఉడతను 1880ల నుంచి 1995 దాకా కొట్టారు, కాబట్టి దాన్ని బట్టి ఏడాది తేలదు. గీటురాయి మీద గీయించకండి, పాలిష్ పట్టించకండి. పల్చటి కేసు, ముద్రలు చెరిగిపోతాయి.

పదింతల లూపు:
1900 అని నేను ఒప్పుకోను. అప్పటికి ఆడవాళ్ల వాచీలు ఎక్కువగా గొలుసుకో, జాకెట్టుకో వేలాడేవి. చేతివాచీ బాగా వ్యాపించింది 1910ల తర్వాతే. కీ 12 అంకె దగ్గరుంటే వేలాడే వాచీకి తర్వాత కడ్డీలు అతికించారేమో అనుకోవచ్చు. 3 దగ్గరుంటే చేతికోసమే చేసింది. అతికిన కడ్డీలు 1910-20ల పోకడే గానీ, లేడీస్ వాచీల్లో ఆ తర్వాత కూడా కొనసాగాయి. వాటినొక్కటే నమ్ముకోకూడదు.

బ్యాలెన్స్ చక్రం (అటూ ఇటూ ఊగే చక్రం) పక్కనో, కిందో సన్నటి ముద్ర, ఒక నంబరు ఉంటాయి. మెషిన్ చేసినవాడి ఆనవాలు అదే. డయల్ మీద పేరు చాలాసార్లు అమ్మినవాడిదే. వెర్నియర్ కాలిపర్స్‌తో మెషిన్ అడ్డం మి.మీ.లో కొలిచి 2.256తో భాగించండి. లీన్యుల్లో (వాచీ మెషిన్లు కొలిచే పాత కొలత) సైజు వస్తుంది. పాత విడిభాగాల జాబితాల్లో సైజు, నంబరు రెండూ కలిస్తేనే మోడల్ ఖాయం. చక్రాన్ని వేలితో తాకొద్దు, దాన్ని ఊపే సన్నటి చుట్ట స్ప్రింగ్ (హెయిర్‌స్ప్రింగ్) వంగిందంటే సరిచేయడం అందరివల్లా కాదు.

కోటవీధి:
కీ 3 దగ్గరే ఉంది. చక్రం కింద ‘ఏ.ఎస్.’ అని ఉంది. అడ్డం 19.7 మి.మీ. సూదిగీత ‘4-38’లా ఉంది.

పదింతల లూపు:
19.7 అంటే 8¾ లీన్యులు. ఏ.ఎస్. అంటే అడోల్ఫ్ షిల్డ్, స్విట్జర్లాండ్‌లోని గ్రెంచెన్ ఊరి ఫ్యాక్టరీ, 1896లో మొదలైంది. సూదిగీత తయారీ నంబరు కాదు, రిపేరు చేసినవాళ్ల గుర్తు. ‘4-38’ నిజంగా తేదీయే అయితే 1938 ఏప్రిల్‌కే వాచీ ఒకసారి విప్పబడింది. మీకు ఇదే గట్టి ఆధారం. అచ్చు నంబరు కేసుది, చేసిన కంపెనీ రికార్డు దొరికితే తప్ప పనికిరాదు.

చక్రం మధ్య రాయి మీద లైర్ (U ఆకారంలో ఉండే పాశ్చాత్య తంత్రీవాద్యం) ఆకారపు చిన్న స్ప్రింగ్ ఉందేమో చూడండి. అది ఇంకాబ్లాక్ (కిందపడితే దెబ్బ తగలకుండా కాపాడే ఏర్పాటు), 1934 తర్వాతిది. అది లేదని మాత్రం వాచీ అంతకు ముందుదని అనుకోవద్దు. చౌక లేడీస్ మెషిన్లు 1950ల్లోనూ అది లేకుండా వచ్చాయి.

శ్రీకాకుళం వాచీలు:
ఇంకాబ్లాక్ లేకపోతే, ‘4-38’ తేదీయే అయితే నా లెక్క 1915-1937 మధ్య. డయల్ కూడా లూపుతో (చిన్న భూతద్దం) చూడండి. అంకెల అంచులు పాకినట్టుంటే, గీతలు ముళ్ల ఇరుసుకు సమానదూరంలో లేకపోతే మళ్లీ రంగేసిందే, అప్పుడు దానిమీది రాతను లెక్కలోకి తీసుకోవద్దు. అంకెల్లో గోధుమరంగుకు తిరిగిన మెరుపు పూత ఉంటే గీకొద్దు, రేడియోధార్మిక రేడియం కావచ్చు.

బాగుచేసేవాళ్లను ‘పూర్తిగా విప్పి కడుగుతారా?’ అని అడగండి. విప్పకుండా పైనుంచి నూనె చుక్క వేసేస్తామంటే ఇవ్వకండి. తర్వాత మన సముద్రపు గాలి తగలకుండా సిలికా జెల్ పొట్లంతో మూత బిగుతైన డబ్బాలో పెట్టండి.