ఫోనులో తెలుగు రాయడానికి తెలుగు అక్షరాల కీబోర్డు మేలా, ఇంగ్లీషు అక్షరాలది మేలా?

వెన్నెలపుట (చర్చ ప్రారంభించినవారు)
మా నాన్నగారికి డెబ్బై ఏళ్ళు. ఉద్యోగకాలమంతా తెలుగు టైపు మిషను మీద పనిచేసినవారు, ఇప్పుడు మొదటిసారిగా టచ్‌ఫోను పట్టుకున్నారు. గూగుల్ వారి కీబోర్డు యాప్ అయిన జీబోర్డు సెట్టింగులలో తెలుగు కోసం చూస్తే నేరుగా తెలుగు అక్షరాలున్న కీబోర్డు, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చేది, తెర మీద వేలితో రాస్తే గుర్తుపట్టేది కనిపించాయి. ఆయన బొటనవేలు కొద్దిగా వణుకుతుందన్న సంగతిని కూడా దృష్టిలో పెట్టుకుని, వీటిలో ఏది పెట్టమంటారో చెప్పగలరు.

లిపిమిత్ర
నేరుగా తెలుగు అక్షరాలున్నదే పెట్టండి, రెండో ఆలోచన వద్దు. భారతీయ లిపులన్నింటికీ ఒకే అమరిక ఉండాలని 1980లలో ఇన్‌స్క్రిప్టును రూపొందించారు. భారతీయ లిపులను కంప్యూటరులో ఉంచడానికి 1991లో వచ్చిన ఇస్కీ ప్రమాణంలో దానికి చోటు దక్కింది. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమవైపు, హల్లులు చాలావరకు కుడివైపు ఉంటాయి. క ఉన్న కీ మీదనే షిఫ్టుతో ఖ, గ ఉన్న కీ మీదనే ఘ వస్తాయి. మన వర్ణమాల తెలిసినవారికి ఆ క్రమం వారం రోజుల్లో చేతికి పడుతుంది. అన్నింటికంటె ముఖ్యంగా, ఏ కీ నొక్కితే ఆ అక్షరమే పడుతుంది. ఇంగ్లీషు అక్షరాలలో కె, ఎ, ఎల్, ఎ అని కొట్టినప్పుడు మీరు అనుకున్నది కలా, కళా, కాలా అన్నది యంత్రం ఊహించవలసి వస్తుంది.

వేగలేఖరి
లిపిమిత్ర గారు చెప్పిన అమరికను కంప్యూటరు కోసం, పది వేళ్ళతో కొట్టేవారి కోసం తయారుచేశారు. అరచేతిలో ఇమిడే తెర మీద యాభైకి పైగా అక్షరాలనూ, వాటి గుణింతపు గుర్తులనూ సర్దాలంటే కీలు సన్నబడక తప్పదు. ఇంగ్లీషు కీబోర్డులో ఉన్నవి 26 అక్షరాలే. పైగా ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడం ఎవరో నిన్న మొన్న నేర్పిన అలవాటు కాదు. ఎస్సెమ్మెస్సుల కాలంలో ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే ఒక సందేశంలో 160 అక్షరాలు పట్టేవి, తెలుగు లిపిలో రాస్తే, ఒక్కో అక్షరానికి ఎక్కువ చోటు తీసుకునే యూనికోడ్ సంకేతాల కారణంగా, 70 మాత్రమే పట్టేవి. ఆ రోజుల్లోనే మన వేళ్ళు ఆ దారికి అలవాటుపడ్డాయి. కృతజ్ఞతలు అన్న మాటకు నేను ఐదారు అక్షరాలు కొట్టేసరికే సూచనల పట్టీలో పూర్తి మాట కనిపిస్తుంది, దాన్ని తాకితే పని అయిపోతుంది.

లిపిమిత్ర
మీరు కృతజ్ఞతలు అన్న మాటనే ఎత్తారు కాబట్టి లెక్కపెట్టి చూద్దాం. క, ఋత్వం, త, జ, పొల్లు, ఞ, త, ల, కొమ్ము: మొత్తం తొమ్మిది తాకుళ్ళు. అదే మాటను ఇంగ్లీషు అక్షరాలలో పూర్తిగా కొడితే పన్నెండు. ఇక వేగం ఎవరిదో మీరే చెప్పండి.

మౌనరాగి
నేను మైకు గుర్తు నొక్కి మాట్లాడతాను, విరామ చిహ్నాలు తరువాత పెట్టుకుంటాను.

వేగలేఖరి
ఇన్‌స్క్రిప్టులో ఞ రావాలంటే ముందు షిఫ్టు నొక్కాలి కాబట్టి మీ తొమ్మిది నిజానికి పది. నా వైపు పన్నెండు కూడా సరికాదు, ఎందుకంటే నేను మాట పూర్తయ్యేదాకా ఎన్నడూ కొట్టను. ఆరు అక్షరాలు, పట్టీ మీద ఒక తాకుడు, మొత్తం ఏడు.

లిపిమిత్ర
సూచనల పట్టీ తెలుగు కీబోర్డులోనూ ఉంటుంది. కృతజ్ఞ దాకా కొడితే అక్కడా ఆ మాట వస్తుంది. మీ లెక్కలో పట్టీని కలుపుకుని నా లెక్కలో తీసివేయడం న్యాయం కాదు.

పొల్లుగుర్తు
మీరిద్దరూ కొట్టడాన్ని మాత్రమే లెక్కిస్తున్నారు, చెరపడాన్ని లెక్కించడం లేదు. స్త్రీ అన్న మాట కంటికి ఒకే అక్షరంలా కనిపించినా లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని ఆరు సంకేతాలుంటాయి. బ్యాక్‌స్పేస్ నొక్కినప్పుడు ఒక యాప్‌లో చివరి గుడి మాత్రమే పోతుంది, మరొక యాప్‌లో అక్షరమంతా పోతుంది. కొత్తగా నేర్చుకునేవారు నిరాశపడేది సాధారణంగా ఇక్కడే. ఇంకొకటి కూడా ఉంది. ఫేస్‌బుక్ అని రాసినప్పుడు స కింద బ వత్తు పడకుండా ఉండాలంటే పొల్లు తరువాత కంటికి కనబడని ఒక విడదీత గుర్తు కావాలి. ఇంగ్లీషు అక్షరాల పద్ధతిలో ఆ గుర్తు కోసం ప్రత్యేకమైన కీ సాధారణంగా కనిపించదు, పట్టీ ఇస్తేనే వస్తుంది. ఆ గుర్తును చిన్నచూపు చూడకూడదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అన్న కూర్పులో ఞకూ దీర్ఘానికీ నడుమ అది చేరితే, ఆ సందేశాన్ని చూపించబోయిన ఐఫోను యాప్‌లు ఉన్నపళంగా మూసుకుపోయేవి. ఆపిల్ సంస్థ ఐఫోనును నడిపే ఐఓఎస్ సాఫ్ట్‌వేరు 11.2.6 వెర్షనుతో దాన్ని సరిచేసింది.

వేగలేఖరి
పొల్లుగుర్తు గారూ, ఆ దోషం అక్షరాలను చూపించే చోట ఉన్నది, కొట్టే చోట కాదు. దాన్ని కీబోర్డు పద్ధతికి అంటగట్టకండి.

లిపిమిత్ర
లెక్కలు పక్కన పెట్టి నాకు జరిగింది చెబుతాను. మూడేళ్ళ క్రితం, చేయి నొప్పిగా ఉండి, ఇంగ్లీషు అక్షరాల కీబోర్డుతో ఒక పెద్ద రచయిత్రికి ఉత్తరం రాశాను. మీ ఆదరానికి కృతజ్ఞుడిని అని రాయబోయాను. తొందరలో మొదటి దీర్ఘానికి రెండో ఎ కొట్టలేదు. పట్టీలో మొదట ఉన్న మాట పడిపోయింది, నేను చూసుకోకుండా పంపాను. వెళ్ళింది మీ అధరానికి కృతజ్ఞుడిని అని. ఆమె నాకంటె ఇరవై ఏళ్ళు పెద్ద. క్షమాపణ చెప్పాను, ఆమె పెద్ద మనసుతో మన్నించారు, కాని ఆ తరువాత నేను ఆమెకు మళ్ళీ ఉత్తరం రాయలేకపోయాను. తెలుగు కీబోర్డులో ఆ, ద అని నా వేలితో నేనే నొక్కి ఉంటే ఈ తప్పు జరిగేది కాదు. నేను ప్రూఫులు దిద్ది బతుకుతున్నవాడిని. నా దగ్గరికి వచ్చే రాతలలో అర్థం కాలేదు అనవలసిన చోట అర్ధం కాలేదు అని, అంటే సగం కాలేదు అని, పేజీ పేజీకీ కనిపిస్తుంది. అక్షరాలు నేర్చుకోవడానికి బద్ధకించి, యంత్రం ఏది ఇస్తే అది తీసుకునేవారి వల్లనే భాష ఇలా తయారైంది.

వేగలేఖరి
అర్థానికి అర్ధం అని రాయడం ఫోనులు రాకముందే అచ్చులో ఉన్నది, ఆ నింద మా మీద వేయకండి. బద్ధకం అన్న మాట మాత్రం నేను ఊరుకునేది కాదు. నేను చదివిన బడిలో తెలుగు చెప్పలేదు. మాట్లాడటం ఇంట్లో వచ్చింది, చదవడం కూడబలుక్కుని నేర్చుకున్నాను, రాయడం మాత్రం రాలేదు. మా నాయనమ్మ ఉన్నంత కాలం ఆమెకు ఒక్క ఉత్తరం తెలుగులో రాయలేకపోయాను. శుభాకాంక్షలులో శ ఏదో, విషయంలో ష ఏదో నాకు నేర్పినది మీరు ఈసడించుకుంటున్న ఆ సూచనల పట్టీయే. అందులో రెండు రూపాలు పక్కపక్కన కనిపించినప్పుడు ఆగి, నిఘంటువులో చూసి, సరైనదాన్ని తాకేదాన్ని. ఈ వేదిక మీద నేను రాసిన ప్రతి వాక్యం అలా రాసినదే. అక్షరక్రమం ముందుగా వచ్చినవారే తెలుగు రాయాలని మీ అభిప్రాయమైతే ఆ మాట నేరుగా చెప్పండి, కీల లెక్క ఎందుకు?

దారిదీపం
ఏ కీబోర్డు అయినా సరే, బయటి యాప్ నుంచి తెచ్చుకునేటప్పుడు పాస్‌వర్డులతో సహా మీరు కొట్టేదంతా అది సేకరించే అవకాశం ఉందని ఫోను ఇచ్చే హెచ్చరికను చదివి ఒప్పుకోండి.

లిపిమిత్ర
వేగలేఖరి గారూ, బద్ధకం అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. మీ వంటివారు ఉంటారని నేను ఆలోచించలేదు. నా భయం అసలు కీల గురించి కాదని ఇప్పుడు నాకూ తెలుస్తున్నది. మీరు రెండు రూపాలను చూసి ఆగుతారు. ఆగనివారు ఎక్కువమంది అయితే, వారు తాకిన తప్పుడు రూపమే పట్టీలో ముందుకు వస్తుంది, మీ తరువాత నేర్చుకునేవారు దాన్నే ఒప్పు అనుకుంటారు. మాటను ఎంచుకోవడం రాసేవారి చేతిలో ఉండాలన్నది నా పట్టుదల.

వేగలేఖరి
నా చేతిలోనే ఉన్నది. మీరు అక్షరం దగ్గర ఎంచుకుంటారు, నేను మాట దగ్గర ఎంచుకుంటాను. మీ ఉత్తరంలో పొరపాటు పట్టీ వల్ల కాదు, పంపే ముందు చదువుకోకపోవడం వల్ల జరిగిందని నేను ఇప్పటికీ అంటాను, మీ బాధను తక్కువ చేయడానికి మాత్రం కాదు. పట్టీలో తప్పుడు రూపం ముందుకు వస్తే దాన్ని నొక్కి పట్టి తొలగించే వీలు కొన్ని కీబోర్డులలో ఉంది, నేను తొలగిస్తూనే ఉంటాను.

లిపిమిత్ర
ఒక్కరు తమ ఫోనులో తొలగిస్తే మిగతావారి ఫోనులలో పోదు కదా. ఈ విషయంలో మనం ఏకీభవించలేము.

వెన్నెలపుట
అందరికీ ధన్యవాదాలు. నాన్నగారి వేలు వణుకుతుందని నేను రాసిన మాటకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. ఈ మూడు రోజులూ మేమే ప్రయత్నించి చూశాము. తెలుగు కీబోర్డులో ఖ, ఘ కోసం కీని నొక్కి పట్టవలసి వచ్చినప్పుడు ఆయన వేలు జారి పక్క అక్షరం పడుతున్నది. సెట్టింగులలో కీబోర్డు ఎత్తును పెంచాము, ఫోనును అడ్డంగా తిప్పి బల్ల మీద పెట్టాము, కీని నొక్కి పట్టవలసిన వ్యవధిని కీబోర్డు సెట్టింగులలోనే తక్కువ చేశాము. కర్సరును అక్షరాల మధ్యకు తేవడానికి తెరను పొడవడం మాని, స్పేస్‌బారు మీద వేలిని పక్కకు జరపడం నేర్పాను, అది ఆయనకు అన్నింటికంటె నచ్చింది. ఇంగ్లీషు అక్షరాల కీబోర్డు చూపిస్తే, తన పేరు మొదటి అక్షరానికి ఏ ఇంగ్లీషు అక్షరం కొట్టాలో ఆలోచించవలసి రావడం తనకు ఇష్టం లేదని అన్నారు. చేతిరాత పద్ధతిలో వత్తులు సరిగా పడటం లేదు. ప్రస్తుతానికి తెలుగు కీబోర్డే ఉంచాము. పొల్లు కీని మరిచిపోతున్నారు కాబట్టి దాని స్థానాన్ని ఒక కాగితం మీద పెద్దగా గీసి ఫోను పక్కన పెట్టాను. పొల్లుగుర్తు గారూ, వాట్సాప్‌లో బ్యాక్‌స్పేస్ నొక్కితే అక్షరమంతా పోకుండా చివరి గుర్తు మాత్రమే పోయేలా చేసుకునే వీలు ఏదైనా ఉందా?