టీవీ పక్కన పెట్టిన అడవి కాయ అర్ధరాత్రి పేలింది, ఇదేం చెట్టుదండి?

బాల్కనీతోట:
మొన్న అనంతగిరి ఘాట్‌లో టీకి ఆగితే రోడ్డు పక్కన రెండు కాయలు దొరికాయి. జానెడు పైనే పొడవు, పలకలా చదును, చెక్కంత గట్టి, పైన తుప్పురంగు నూగు. బావున్నాయని మధురవాడ తెచ్చి ఒకటి టీవీ పక్కన పెట్టాం. నిన్న రాత్రి ఒంటిగంటకి టప్‌మని మోత, మా అత్తగారు గ్యాస్ సిలిండరే అనుకుని లేచిపోయారు! చూస్తే కాయ రెండు చెక్కలై మెలితిరిగిపోయింది, పిక్క ఒకటి సోఫా కింద దొరికింది. అక్కడ పైకి చూస్తే చెట్టు మీద అల్లుకున్నది తీగే, కానీ కాండం నా తొడంత ఉంది.

పాడేరుపిల్లోడు:
అడ్డతీగ అన్నా అది. మీరు భోజనాల్లో తినే అడ్డాకు విస్తరి దీనిదే. ఎండాకాలం మా వైపు అడవిలో ఈ మోతలు మామూలే. పిక్కలు పారెయ్యకండి, కాల్చుకుని తింటాం. పట్ట నారతో తాళ్లు కూడా పేనుతారు.

పాతబోటనీమాస్టారు:
చిక్కుడు కుటుంబమే. కాయ చెక్కలో నారలు ఒక్కో పొరలో ఒక్కో వాలుగా ఉంటాయి, ఎండేకొద్దీ పొరలు తలోవైపు లాగుతాయి, అతుకు ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుని ఒక్కసారి తెగుతుంది, గింజలు దూరంగా పడతాయి. మీ ఫ్యాను గాలికి మిగిలిన తడి ఆరినట్టుంది. మన కాలనీల్లో దేవకాంచనం ఆకు చూశారుగా, గిట్టలా చీలి ఉంటుంది? దాన్నే పళ్లెమంత చేస్తే అడ్డాకు, రెండూ దగ్గర చుట్టాలు. ఆ రెండు తమ్మెలు చూసే ఈ జాతికి వృక్షశాస్త్రవేత్తలైన బౌహిన్ అన్నదమ్ముల పేరుతో బౌహీనియా అని పెట్టారు. దీన్ని బౌహీనియా వాహ్లీ అంటారు, కొత్త పుస్తకాల్లో ఫనేరా వాహ్లీ. నులితీగలు జంటగా వచ్చి వాచీ స్ప్రింగులా చుట్టుకుంటాయి, ఎక్కేది వాటి పట్టు మీదే. పూలు తెల్లగా విచ్చి, వాడేకొద్దీ మీగడ పసుపుకి తిరుగుతాయి.

బాల్కనీతోట:
థాంక్స్ మాస్టారూ. ఆ పిక్క కుండీలో వెయ్యొచ్చా?

పాతబోటనీమాస్టారు:
మొలుస్తుంది, తర్వాత మీ ఇష్టం. 30 మీటర్ల దాకా పాకే తీగ. సాల చెట్లని కమ్మేసి వంచేస్తుందని ఉత్తరాది అడవుల్లో దీన్ని నరికిస్తారు, మీ బాల్కనీ గ్రిల్లు దానికో లెక్కా!

పాడేరుపిల్లోడు:
అన్నా, రెండో కాయ ఏదీ?

బాల్కనీతోట:
కారు డిక్కీలో. పొద్దున్నుంచీ ఎండలోనే పార్క్ చేసి ఉంది, వెళ్తున్నా.