అప్‌డేట్: నా కథలో టాక్సీ డ్రైవరుకి ఆధారం దొరికింది

నరసాపురంలో ఒక టాక్సీ డ్రైవరే హత్య కేసు ఛేదించే కథ రాస్తున్నానని, పోలీసు కానివాడికి ఆధారం ఎలా దొరుకుతుందని పోయిన నెల అడిగాను కదా. వెనక సీటు మాటలు వింటాడని చాలామంది చెప్పారు. నాకెందుకో రుచించలేదు.

చివరికి స్టాండులో పాతికేళ్లుగా బండి నడుపుతున్న బాబాయినే అడిగాను. అద్దం తుడుస్తూనే, "మనిషి అబద్ధమాడతాడు గానండీ, కిలోమీటర్ల రీడింగు ఆడదు, ఆయ్" అన్నారు. ముడి అక్కడే విడిపోయింది.

డ్రైవరు బండి అద్దెకు తీసుకెళ్లినవాడు సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని ఏరు దాటించే పడవ) ఎక్కించి తెచ్చానంటాడు. పంటు మీద వశిష్ఠ గోదావరి దాటితే రీడింగు కదలదు. కానీ ట్రిప్ షీటులో బయల్దేరేటప్పుడు రాసిన రీడింగుతో పోల్చితే చించినాడ వంతెన ఎక్కి, పాలకొల్లు చుట్టి వచ్చినంత తేడా! శవం దొరికింది ఆ వంతెన కిందే.

షెర్లాక్ హోమ్స్ తొలి నవలలో (1887) బండివాడే హంతకుడని గుర్తుచేసినవాళ్లకి థ్యాంక్స్. ఆ మెలిక పెడితే బాబాయి నన్ను బండెక్కనివ్వరు.

వరదలప్పుడు పంటు ఆపేస్తారు కాబట్టి కథని ఆగస్టు నుంచి సంక్రాంతి ముందుకి జరిపాను. ఇప్పుడు వాన సీన్లన్నీ మంచులోకి మార్చుకుంటున్నాను.