అప్‌డేట్: వాచ్ సెట్టింగ్స్ వాటంతటవే మారడం, దొంగ దొరికాడు

రన్ మధ్యలో నా రన్నింగ్ స్మార్ట్ వాచ్‌లో ఆటో ల్యాప్ (నిర్ణీత దూరం అయిన ప్రతిసారీ టైమ్ దానంతటదే నమోదు చేసేది) ఆఫ్ అయిపోతోంది, కిలోమీటర్లు మైళ్లయిపోతున్నాయి అని అడిగా కదా, రెండూ ఒకటే ప్రాబ్లం అనుకుని ఫ్యాక్టరీ రీసెట్ కూడా కొట్టేశా, దండగ, డేటా స్క్రీన్లన్నీ (రన్‌లో దూరం, వేగం లాంటివి చూపించే పేజీలు) మళ్లీ పెట్టుకోవాల్సొచ్చింది.

ఆటో ల్యాప్ సంగతేంటంటే, చెమటకి తడిసిన జాకెట్ చెయ్యి స్క్రీన్‌కి అతుక్కుని రాసుకుంటుంటే వాచ్ దాన్ని వేలనుకుంటోంది, తడి కరెంట్‌ని మోస్తుంది కాబట్టి టచ్ స్క్రీన్‌కి తేడా తెలీదు. ఇంట్లో తడిగుడ్డతో రుద్ది చూశా, నా కళ్ల ముందే మెనూలోకి వెళ్లిపోయింది! ఇప్పుడు రన్నింగ్ ప్రొఫైల్లో టచ్ ఆఫ్, బటన్లే వాడుతున్నా.

మైళ్ల గోల మాత్రం ఫోన్ యాప్‌ది, అందులో యూనిట్స్ మైళ్లలో ఉండిపోయాయి, నేను వాచ్‌లో మార్చినా సింక్ అవ్వగానే మళ్లీ అదే వచ్చేస్తోంది. యాప్‌లో మార్చా, నాలుగు రన్లు అయ్యాయి, మళ్లీ మైళ్లకి మారలేదు.