ట్యాంకర్ ఖర్చు ఫ్లాటుకింత అని సమానంగా పంచాలా, వాడకాన్ని బట్టి పంచాలా?

నిజాంపేట్_302:
మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, 24 ఫ్లాట్లు. జలమండలి (హైదరాబాద్ నీటి బోర్డు) కనెక్షన్ అందరికీ కలిపి ఒకటే, రోజు విడిచి రోజు నీళ్లొస్తాయి. రెండు బోర్లలో ఒకటి మార్చిలోనే ఎండిపోయింది. ఏప్రిల్‌లో 5,000 లీటర్ల ప్రైవేటు ట్యాంకర్లు 28 తెప్పించాం. ఒక్కోటి 900 రూపాయలు. మొత్తం 25,200, ఫ్లాటుకి 1,050 చొప్పున వేశారు. మా ఇంట్లో ఉండేది నేనూ మా అమ్మా. ఏడుగురున్న ఇంటికీ 1,050, మాకూ 1,050. పైగా మా పైన 402లో ఫ్లష్ ట్యాంకు రెండు నెలలుగా కారుతోంది. రాత్రి ఫ్యాన్ ఆపితే ఆ చప్పుడు మాకు వినిపిస్తుంది. అక్కడ అద్దెకున్నవాళ్లకు పట్టింపు లేదు. ఆ నీళ్ల డబ్బు కూడా మేమే కడుతున్నాం. నల్లా సెకనుకో చుక్క కారినా రోజుకో బకెట్ పోతుంది, ఇక ఫ్లష్ సంగతి చెప్పాలా? ఫ్లాటుకో మీటర్ పెట్టమని మీటింగ్‌లో అడిగితే నవ్వారు. మీలో ఎవరైనా పెట్టించారా?

మియాపూర్ మాజీ ట్రెజరర్:
అమ్మా, మీటర్ అనడం తేలిక. మీ ఫ్లాటులోకి నీళ్లు ఒకే పైపులో రావు. పై ట్యాంకు నుంచి వంటింటికి ఒక లైను, రెండు బాత్రూములకు చెరొకటి, బట్టలుతికే చోటికి ఇంకొకటి, ఇలా దేనికదే దిగుతుంది. అంటే ఫ్లాటుకి నాలుగు మీటర్లు. 24 ఫ్లాట్లకు 96. నెలనెలా వాటి రీడింగ్ ఎవరు తీస్తారు? బోరు నీళ్ల ఉప్పు పేరుకుని మీటర్ ఆగిపోతే ఎవరు మారుస్తారు? కొత్తగా కట్టేటప్పుడే ఫ్లాటుకి ఒకే లైను వేసుకుంటే అది వేరు. పాత బిల్డింగులో ఈ ఆలోచన వదిలేయండి.

ముందు లీకులు చూడండి. నేను ట్రెజరర్‌గా ఉన్న మూడేళ్లూ వేసవికి ముందు ఒక ఆదివారం వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లేవాణ్ని. ఫ్లష్ ట్యాంకులో చెంచాడు పసుపు కలిపి, అరగంట ఎవరూ ఫ్లష్ నొక్కవద్దని చెప్పేవాణ్ని. నొక్కకుండానే కమోడ్‌లోకి పసుపు దిగిందంటే అడుగున వాషర్ పోయినట్టే. మొదటి ఏడాది 30 ఫ్లాట్లలో 11 చోట్ల దొరికింది. వాషర్ ఖర్చెంత, మీటర్ ఖర్చెంత?

ఇంకో మాట. సెకనుకో చుక్క కారితే రోజుకో బకెట్ పోదు. 20 చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. రోజుకు 86,400 సెకన్లు. లెక్క వేస్తే 4.3 లీటర్లు. లెక్క తప్పుగా చెబితే మీటింగ్‌లో ఎవరు వింటారు?

మలక్‌పేట్ పాతవాసి:
మీటర్ ఉంటేనే భయం ఉంటుంది. అంతే.

నిజాంపేట్_302:
20 చుక్కల లెక్క మందు సీసాకి. నల్లా చుక్క దానికంటే పెద్దది. నిన్న రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మా వాష్‌బేసిన్ నల్లా కింద గిన్నె పెట్టాను. పొద్దున కొలిస్తే రెండు లీటర్ల పైనే వచ్చింది. అంటే రోజుకు ఆరు దాటుతుంది. 4.3 కాదు.

మియాపూర్ మాజీ ట్రెజరర్:
ఆరైనా బకెట్ కాదు కదా. మీరన్నది బకెట్. పైగా మీ నల్లా సెకనుకు ఒక చుక్కే కారుతోందా, రెండా? లెక్కపెట్టారా?

నిజాంపేట్_302:
లెక్కపెట్టాను. నిమిషానికి 64.

పానా_మూసాపేట్:
చుక్కల పంచాయితీ ఆపండి సార్. మా నాన్నది నల్లా సామాన్ల దుకాణం, చిన్నప్పటి నుంచి చూస్తున్నా. అపార్ట్‌మెంట్లలో నీళ్లు పోయేది మూడు చోట్ల. ఫ్లష్ ట్యాంకు, సంపులో బాల్ కాక్ (సంపు నిండగానే నీళ్లు ఆపే బంతి వాల్వు), మోటర్ ఆపడం మర్చిపోయి పొర్లే పై ట్యాంకు. ఫ్లష్ ఎంత తాగుతోందో తెలియాలంటే ట్యాంకు నిండాక దానికి నీళ్లొచ్చే చిన్న వాల్వు, అదే యాంగిల్ కాక్, కట్టేసి రెండు గంటలు వదిలేయండి. పది లీటర్ల ట్యాంకు ఆ రెండు గంటల్లో ఖాళీ అయితే గంటకు ఐదు లీటర్లు, రోజుకు 120, నెలకు 3,600. ట్యాంకర్‌లో ముప్పావు వంతు ఒక్క బాత్రూములోనే పోయింది. బిల్డింగు మొత్తానికైతే, అందరూ పడుకున్నాక పై ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత పెట్టి తెల్లవారుజామున మళ్లీ చూడండి. మోటర్ వేయకూడదు. గీత నుంచి బెత్తెడు దిగిందంటే ఎవరింట్లోనో కారుతున్నట్టే.

దిల్‌సుఖ్‌నగర్ సొంతిల్లు:
మాకు బిల్లు సున్నా వస్తుంది. 2021 జనవరి నుంచి నెలకు 20,000 లీటర్లు ఉచితం కదా. ఇంత చర్చ ఎందుకో అర్థం కాలేదు.

పానా_మూసాపేట్:
అన్నా, 20,000 అంటే రోజుకు 660 చిల్లర. ఉచితం రావాలంటే మీటర్ పనిచేస్తూ ఉండాలి. దాని మీద వాడితే బిల్లు వస్తుంది. ఒకసారి ఇంట్లో నల్లాలన్నీ కట్టేసి, నీళ్లొచ్చే టైములో మీటర్ చూడండి. సంపు నిండిపోయాక కూడా చిన్న ముల్లు తిరుగుతుంటే బాల్ కాక్ ఆగట్లేదు.

దిల్‌సుఖ్‌నగర్ సొంతిల్లు:
చూశాను. తిరుగుతోంది. మూత తీస్తే సంపు ఓవర్‌ఫ్లో పైపులోంచి మోరీలోకి పోతోంది. ఎన్నాళ్ల నుంచో తెలియదు.

మలక్‌పేట్ పాతవాసి:
నేను కొంచెం ఎక్కువే చెబుతాను, ఏమనుకోవద్దు. మా చిన్నప్పుడు వీధి నల్లా దగ్గర బిందెలు వరసలో పెట్టి తెల్లవారుజామున మూడింటికి లేచేవాళ్లం. 1920 నాటికి గండిపేట చెరువు కట్టినప్పుడు నీళ్లు ఊరి పక్కనే ఉండేవి. ఇప్పుడు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి, వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తి తెస్తున్నారు. దారి పొడవునా కరెంటు ఖర్చే. అలా తెచ్చిన నీళ్లు మోరీలో పోతుంటే, బిల్లు సున్నా కాబట్టి పర్వాలేదంటారా? మా అమ్మ భుజం మీద బిందె మచ్చ ఆమె పోయేదాకా ఉంది.

ఎన్నారై_ఫ్లాటు:
మాది ఖాళీ ఫ్లాటు. ఒక్క చుక్క వాడం. మా అసోసియేషన్ మాకూ సమానంగా వేస్తోంది. నా ఓటు మీటర్‌కే.

అద్దెకు_కూకట్‌పల్లి:
302 గారూ, "అద్దెకున్నవాళ్లకు పట్టింపు లేదు" అని ఎంత తేలిగ్గా రాశారండీ. మాది వేరే బిల్డింగు, కథ మాత్రం అదే. మా ఫ్లష్ ఆరు నెలలుగా కారుతోంది. ఓనర్‌కి చెబితే "వాడేది మీరే, మీరే చేయించుకోండి" అన్నారు. చేయిద్దామని ప్లంబర్‌ను పిలిస్తే గోడలో దాగిన ట్యాంకు, టైల్ పగలగొట్టాలన్నాడు. ఓనర్ పగలగొట్టనివ్వరు. అసోసియేషన్‌కి చెబితే "ఓనర్‌తో మాట్లాడుకోండి" అంటారు. మీటింగ్‌కి వెళ్తే "ఓనర్లకే" అని బయట నిలబెట్టారు. మెయింటెనెన్స్ మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖుకల్లా మా దగ్గరే తీసుకుంటారు. మీటర్ పెడితే ఆ లీకు డబ్బు మొత్తం మా నెత్తిన పడుతుంది. ఇది న్యాయమా?

నిజాంపేట్_302:
మీ బాధ వేరు, మా బాధ వేరు. మా బాత్రూమ్ సీలింగ్ ఏడాదిగా తడుస్తోంది. 402 బాత్రూమ్ నుంచే. పెచ్చులు ఊడి మా అమ్మ స్నానం చేస్తుండగా భుజం మీద పడ్డాయి. ఆమెకు 74 ఏళ్లు. అప్పటి నుంచి ఆ బాత్రూమ్ తలుపు వేసేశాం, ఇద్దరం ఒక్కటే వాడుకుంటున్నాం. ఆ ఫ్లాటు మా అసోసియేషన్ ప్రెసిడెంట్‌ది, అద్దెకిచ్చారు. నాలుగు మీటింగుల్లో అడిగాను. ప్రతిసారీ "చూద్దాం" అనే మాట.

మియాపూర్ మాజీ ట్రెజరర్:
పైనుంచి కారేది వాడిన నీళ్లయితే దానికీ ట్యాంకర్ బిల్లుకూ సంబంధం లేదు. వాడేసిన నీళ్లు మోరీలోకి పోతే ఏంటి, మీ సీలింగ్‌లోకి పోతే ఏంటి, ఖర్చు అదే. రెండూ కలిపి మీటర్ కావాలంటే మీ వాదన నిలబడదు.

నిజాంపేట్_302:
మీకు సంబంధం లేదేమో. మాకు ఉంది. మీటర్ పెడితే 402 నీళ్ల లెక్క కాగితం మీద కనబడుతుందనీ, అప్పుడైనా తలుపు తీసి చూపిస్తారనీ నా ఆశ. మీకు మొదటి నుంచీ నేనేమన్నా తప్పే. చుక్క సైజు తప్పు, బకెట్ తప్పు, ఇప్పుడు సీలింగ్ కూడా తప్పు! మా అమ్మ మీద పడింది పెచ్చు కాదని కూడా అనండి.

అద్దెకు_కూకట్‌పల్లి:
అంటే అసలు మీ గొడవ ప్రెసిడెంట్‌తో. మధ్యలో మమ్మల్ని తిట్టారు.

నిజాంపేట్_302:
అవును. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అక్కడుండే అమ్మాయి ఒకసారి మెట్ల మీద కలిసి, "ఓనర్‌కి మేమూ చెప్పామాంటీ" అంది. నేను వినిపించుకోలేదు.

మియాపూర్ మాజీ ట్రెజరర్:
నేను కటువుగా రాశాను, క్షమించండి. నాకు లెక్క కంటే ముందు కోపం వస్తుంది, కారణం చెబుతాను. రెండేళ్ల క్రితం మే నెలలో, రాత్రి పదకొండింటికి మా షాఫ్ట్‌లో (పైపులన్నీ దిగే సందులో) పై ట్యాంకు నుంచి దిగే పైపు పగిలింది. ప్రెసిడెంట్ ఫోన్ ఎత్తలేదు. ప్లంబర్‌ను పిలిపించి, 14,000 నా జేబులోంచి పెట్టి పని చేయించాను. తర్వాతి మీటింగ్‌లో "ఎవరినడిగి చేయించారు?" అన్నారు. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు. పదవి వదిలేశాను. అందుకే మీటర్లు, అసోసియేషన్ డబ్బు, కొత్త పని అంటే నాకు ముందే గొంతు పట్టేస్తుంది. 96 మీటర్లు అన్నది నిజమే, కానీ అంత గట్టిగా అన్నది అందుకు.

పానా_మూసాపేట్:
సార్, షాఫ్ట్ పైపు అందరిదీ. అది అసోసియేషనే కట్టాలి. మీ డబ్బు మీకు రావాల్సిందే.

మియాపూర్ మాజీ ట్రెజరర్:
నా గొడవ తర్వాత చాలాసేపు అరుచుకుని చివరికి తీర్మానం రాసుకున్నారు. షాఫ్ట్ పైపు, సంపు, పై ట్యాంకు అసోసియేషన్‌వి. ఫ్లాటు లోపలి పైపు, ఫ్లష్, బాత్రూమ్ నేల ఓనర్‌వి. అద్దెకున్నవాళ్లు లీకు గురించి రాసి ఇస్తే ఓనర్ 15 రోజుల్లో చేయించాలి, లేదంటే అసోసియేషన్ చేయించి ఓనర్ మెయింటెనెన్స్‌లో కలుపుతుంది. నా పాత డబ్బుకు మాత్రం ఇది వర్తించదన్నారు. కాపీ ఉంది, పేర్లు తీసేసి ఇక్కడ పెడతాను.

302 అమ్మా, ఒక సంగతి చెప్పండి. సీలింగ్ మరక ఎప్పుడూ ఒకేలా తడిగా ఉంటుందా, పైవాళ్లు స్నానాలు చేశాక ఎక్కువవుతుందా?

నిజాంపేట్_302:
పొద్దున తొమ్మిదికి ఎక్కువవుతుంది. మధ్యాహ్నానికి కాస్త ఆరుతుంది. వాళ్లు ఊరెళ్లినప్పుడు వారం రోజులు పొడిగానే ఉంది.

పానా_మూసాపేట్:
అయితే నీళ్లొచ్చే పైపు కాదక్కా, నానీ ట్రాప్ దగ్గర, అంటే బాత్రూమ్ నేలలో వాడిన నీళ్లు పోయే జాలీ దగ్గర. లేకపోతే టైల్స్ సందుల్లోంచి. పైనుంచే పని చేయాలి. కింద మీ సీలింగ్‌కి ఎన్నిసార్లు సిమెంటు పూసినా మళ్లీ ఊడుతుంది, డబ్బు వేస్ట్ చేయొద్దు. ఫ్లష్ లీకు వేరే పని, అది వాషర్‌తో పోవచ్చు.

అద్దెకు_కూకట్‌పల్లి:
ఆ తీర్మానం కాపీ నాకూ కావాలి సార్.

నిజాంపేట్_302:
ఆదివారం మీటింగ్ ఉంది. మీటర్ సంగతి ఈసారి ఎత్తను. మరక ఫోటోలు పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం రెండింటికీ తీసి పెడుతున్నాను. 402 అమ్మాయిని కూడా లోపలికి తీసుకెళ్తాను. కాపీ శనివారంలోపు పెట్టగలరా అండీ?

మియాపూర్ మాజీ ట్రెజరర్:
ఈ రాత్రికే పెడతాను.